బొంబాయి చేరని బొంబాయి రోడ్డు

కిలోమీటరు రాయి తలకు ఏ రంగు పడితే ఆ రంగు వేయరు. తల ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి, పసుపుగా ఉంటే జాతీయ రహదారి. నెల్లూరులో బయల్దేరి పెన్న దాటి, బుచ్చిరెడ్డిపాలెం, సంగం, ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా వెలిగొండలెక్కి బద్వేలులో దిగే రోడ్డు పక్కన ఒక తరం వాళ్లు ఆకుపచ్చ రాళ్లే చూశారు. ఇప్పుడు అదే రోడ్డు మీద పసుపు రాళ్లున్నాయి, వాటి మీద 67 అంకె ఉంది. ఆ అంకె మాత్రం జనం నోటికి ఎక్కలేదు. బుచ్చిలో టీ కొట్టు దగ్గర అడిగినా, ఆత్మకూరులో లారీ డ్రైవర్ని అడిగినా దీన్ని బొంబాయి రోడ్డనో, ముంబయి హైవే అనో అంటారు.

ఈ రోడ్డు పట్టుకుని నేరుగా పోతే బొంబాయి రాదు. 67వ నంబరు జాతీయ రహదారి కృష్ణపట్నం ఓడరేవు నుంచి నెల్లూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, బళ్లారి, హోస్పేట, గదగ్, హుబ్బళ్లి దాటి గోవా సరిహద్దు దగ్గరి రామనగరలో ఆగుతుంది. బొంబాయికి పోవాలంటే హుబ్బళ్లిలో ఈ రోడ్డు వదిలి, పుణె వైపు పోయే వేరే రహదారి ఎక్కాలి. అయినా పేరు తప్పని చెప్పలేం. పాతకాలంలో రోడ్డుకు పేరు పెట్టేటప్పుడు దాని చివర ఉన్న ఊరు కాదు, ఆ దారిన చేరగలిగే పెద్ద ఊరు చూసేవారు. నెల్లూరు నడిబొడ్డు నుంచి పడమటి సముద్రం వైపు పోనిచ్చే దారి ఇది కనుక బొంబాయి పేరు దీనికి దక్కింది.

అంకెల సంగతి కొంచెం చిక్కుగా ఉంటుంది. కర్ణాటకలోని అంకోలా నుంచి హుబ్బళ్లి, బళ్లారి మీదుగా గుత్తి దాకా వచ్చే రహదారికి మొదట్లో 63వ నంబరు ఉండేది. జాతీయ హోదా గుత్తి దగ్గరే ఆగిపోయేది. అక్కడి నుంచి తాడిపత్రి, ప్రొద్దుటూరు, బద్వేలు దాటి నెల్లూరు దాకా ఉన్న భాగం రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ చేతిలోని రాష్ట్ర రహదారి. 2010లో దేశమంతటా జాతీయ రహదారులకు కొత్త అంకెలు వేశారు. మద్రాసు–కలకత్తా రోడ్డు 5 పోయి 16 అయింది. తమిళనాడులో వేరే రోడ్డుకు ఉండిన 67 ఇక్కడ హుబ్బళ్లి–గుత్తి వరసకు వచ్చింది. ఆ తర్వాత దాన్ని గుత్తి దాటించి కృష్ణపట్నం రేవు దాకా పొడిగించారు. అలా తూర్పున ఉన్న ఈ పాత రాష్ట్ర రహదారి పడమటి నుంచి వచ్చిన అంకె కిందికి చేరింది.

నెల్లూరు నగరంలో ఈ రోడ్డు గుర్తు మరోలా మిగిలింది. ఊరి మధ్యలో ఆత్మకూరు బస్టాండు అనే చోటుంది. నెల్లూరులో చాలా సెంటర్ల పేర్లు ఆ ఊరివి కావు, అక్కణ్ణుంచి బయల్దేరే రోడ్లవి. మైపాడు గేటు, పొదలకూరు రోడ్డు, ముత్తుకూరు రోడ్డు అన్నీ ఆ కోవలోవే. నెల్లూరుకు సరుకు, జనం, వడ్లు ఏయే దిక్కు నుంచి వచ్చేవో ఈ పేర్లే చెబుతాయి. పడమటి దిక్కుకు ఆత్మకూరు పేరు పెట్టారు. బొంబాయి పేరు రోడ్డుకుంటే ఉండనీ, బస్సు ఎక్కే మనిషికి అది ఆత్మకూరు దారే. రోజూ దీని మీద తిరిగే జనంలో ఎక్కువమంది నెల్లూరు, ఆత్మకూరుల మధ్య ఉన్న సుమారు 55 కిలోమీటర్లలోనే ఎక్కి, అందులోనే దిగుతారు.

ఈ రోడ్డును పట్టించుకోవాల్సిన సంగతి అక్కడే ఉంది. సర్కారు కాగితాల్లో ఇది ఎప్పుడూ దూరపు ఊళ్ల కోసమే. ఒకప్పుడు బొంబాయి కోసం, తర్వాత బళ్లారి కోసం, ఇప్పుడు కృష్ణపట్నం రేవు కోసం. నేల మీద మాత్రం ఇది మాగాణినీ మెట్టనూ కలిపే జిల్లా రోడ్డు. బాగుచేసేటప్పుడు ఒక లెక్క, వాడేటప్పుడు ఒక లెక్క కావడంతో దీని కష్టాలన్నీ వస్తున్నాయి.

సముద్రపు ఒడ్డును, వెలిగొండల అవతలి సీమను కలిపే రాకపోకలు తారు రోడ్డు రాకముందు నుంచీ ఉన్నాయి. కోస్తాలో ఉప్పు పండేది, లోపలి సీమకు ఉప్పు కావాలి. ఎద్దుల మీద గోతాలు వేసుకుని ఉప్పు మోసుకుపోయి, తిరిగొచ్చేటప్పుడు ధాన్యం తెచ్చే పని ఎరుకల కుటుంబాలు, లంబాడీలు చేసేవారు. ఉప్పు ఎరుకల అనే తెగ పేరే ఆ వ్యాపారం నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో కుంపిణీ ప్రభుత్వం, తర్వాత బ్రిటిషు ప్రభుత్వం ఉప్పును తమ గుత్తాధిపత్యంలో ఉంచుకుని పన్ను బిగించాయి. ఆ శతాబ్దం చివరికి రైలు వచ్చి సరుకును తీసుకుపోయింది. కొండ కనుమల్లో తరాలుగా నడిచిన ఎద్దుల బారులు ఆగిపోయాయి. బతుకుతెరువు పోయిన ఆ జనం మీదే తర్వాత నేరస్త జాతి అనే ముద్ర వేసి, సెటిల్మెంట్లలో పెట్టారు. కావలి దగ్గర అలాంటి సెటిల్మెంటు ఒకటి నడిచింది. రోడ్ల చరిత్ర రాసేటప్పుడు ఇంజినీర్ల పేర్లు వస్తాయి కానీ, ఆ దారులను కాళ్లతో తొక్కి బాట చేసిన ఈ మనుషులు రారు. వాళ్లను మొదట తలుచుకోవాలి.

పెన్న ఉత్తరపు గట్టు వెంట రోడ్డు ఎందుకు పోయిందో తెలియాలంటే కాలువలు చూడాలి. నెల్లూరు దగ్గర పెన్న మీద 1855లో ఆనకట్ట కట్టారు. దాని నీళ్లు దక్షిణానికి, సర్వేపల్లి, జాఫర్ సాహెబ్ కాలువల్లోకి పోయాయి. ఉత్తరపు గట్టుకు నీళ్లు రావడానికి ఇంకో 30 ఏళ్లు పట్టింది. 1880ల్లో సంగం దగ్గర రెండో ఆనకట్ట లేచాక కనిగిరి రిజర్వాయరు నిండింది. పేరు విని పాత ప్రకాశం జిల్లాలోని కనిగిరి అనుకుంటారు, ఈ చెరువు బుచ్చిరెడ్డిపాలేనికి ఆనుకునే ఉంది. దాని కింద కోవూరు, కొడవలూరు, విడవలూరు, అల్లూరు దాకా మాగాణి అయింది. నీళ్లొచ్చిన చోట ఊళ్లు పెరిగాయి, ఊళ్లున్న చోటికి రోడ్డు పోయింది. దామరమడుగు, బుచ్చి, దువ్వూరు, సంగం వరసగా దారిలో తగలడానికి కారణం ఇదే. ఇక్కడ రోడ్డూ కాలువా ఒకే పుట్టుక పుట్టాయి.

బుచ్చిరెడ్డిపాలెం ఆ కాలువల సంపదతో ఎదిగిన ఊరు. కోదండరామస్వామి గుడి, పెద్ద పెద్ద రైతుల లోగిళ్లు, రైసు మిల్లులు ఆ సంగతి చెబుతాయి. తర్వాత రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి 1907లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఇప్పుడు నగర పంచాయతీ అయింది. నెల్లూరుకు 15 కిలోమీటర్ల చిల్లర దూరం, కనుక ఉద్యోగానికీ, కాలేజీకీ, ఆస్పత్రికీ పొద్దున పోయి సాయంత్రం వచ్చే జనంతో ఇది సగం శివారు అయిపోయింది. నెల్లూరు నుంచి బుచ్చి దాకా రోడ్డుకు రెండు పక్కలా కయ్యల మధ్యలో లేఅవుట్ రాళ్లు కనబడతాయి. జాతీయ రహదారి అని బోర్డుంటుంది, నడక మాత్రం ఊరి బజారు నడక. స్కూలు ఆటో, గడ్డి ట్రాక్టరు, బళ్లారి వైపు పోయే పదహారు చక్రాల లారీ ఒకే వరసలో ఉంటాయి.

మార్చి చివరి వారంలోనో, ఏప్రిల్ మొదట్లోనో ఈ రోడ్డు చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. రోడ్డు అంచున మీటరున్నర వెడల్పున, వందల అడుగుల పొడుగున వడ్లు పరిచి ఉంటాయి. లారీ చక్రం ఎక్కకుండా అంచు పొడుగునా బండరాళ్లు పేరుస్తారు. చీరకొంగు తల మీదుగా చుట్టుకున్న ఆడమనిషి వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుంది, వెనకాల కాళ్ల చాళ్లు పడతాయి, కింది గింజ పైకొస్తుంది. మళ్లీ గంటకు ఇంకోసారి. పొద్దుగూకాక కుప్ప చేసి పట్ట కప్పి, దాని మీద రాళ్లు పెట్టి, ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి నిలబెడతారు. రాత్రి లైట్ల వెలుతురులో ఆ గుడ్డ కనిపిస్తే సరే. కనపడక బైకుమీద వచ్చేవాడు కుప్ప ఎక్కిన రాత్రులున్నాయి.

ఇది రైతుల మొండితనం అనుకుంటే పొరపాటు. పూర్వం కోత కోసి, ఓదెలు ఆరబెట్టి, వామి వేసి, తీరిక దొరికినప్పుడు నూర్చేవారు. గింజ వామిలోనే ఆరేది. కోతమిషన్లు వచ్చాక పొద్దున నిలబడ్డ పైరు మధ్యాహ్నానికి ట్రాక్టరులో వడ్లుగా ఉంటుంది, అదీ పచ్చి తేమతో. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. కళ్లాలు ఎప్పుడో కయ్యల్లో కలిసిపోయాయి. ఎండకు కాగిన తారు కంటే త్వరగా గింజ ఆరే చోటు ఊళ్లో లేదు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, తేమ పేరుతో పుట్టికి కొన్ని కిలోలు తరుగు తీస్తే ఆ నష్టం రైతు తట్టుకోలేడు. రోడ్డు మీద ఆరబోయొద్దని బోర్డు పెట్టినంత మాత్రాన ఈ లెక్క మారదు. ఊరికి నాలుగు సిమెంటు కళ్లాలు కట్టిస్తే మారుతుంది. రోడ్డు వెడల్పుకు కోట్లు లెక్కవేసేవారు ఆ కళ్లాలను కూడా రోడ్డు భద్రత ఖర్చులోనే వేయాలి, ఎందుకంటే అది నిజంగా భద్రత ఖర్చే.

సంగం దగ్గర బీరాపేరు వాగు పెన్నలో కలుస్తుంది. అదే ఊరి పేరు, సంగమేశ్వరుడు అదే పేరు మీద వెలిశాడు. ఇక్కడి పాత ఆనకట్ట నూరేళ్లకు పైగా నీళ్లు మళ్లించింది. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ, నెల్లూరు బ్యారేజీతో పాటు 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. సంగం బ్యారేజీ కింది ఆయకట్టు 3.85 లక్షల ఎకరాలు. నీటి సంగతి అందరూ మాట్లాడారు, రోడ్డు సంగతి అంతగా ఎవరూ మాట్లాడలేదు. ఆ బ్యారేజీ మీది వంతెన బొంబాయి రోడ్డును పెన్న దక్షిణపు గట్టున ఉన్న చేజర్ల, పొదలకూరు ప్రాంతాలతో వానాకాలంలో కూడా కలిపింది. అంతకుముందు నది పారేటప్పుడు ఆ పక్క నుంచి ఈ పక్కకు రావాలంటే నెల్లూరు చుట్టి రావాల్సి వచ్చేది. ఎదురుగా కనిపించే ఊరికి పూట ప్రయాణం పట్టేది.

పెన్న ఏమి చేయగలదో 2021 నవంబరులో తెలిసింది. పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఎగువ నీళ్లన్నీ పెన్న మీది సోమశిల జలాశయానికి ఒక్కసారిగా వచ్చాయి. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు మించి వదిలారు. కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. నెల్లూరు–విజయవాడ మధ్య రోడ్డు, రైలు రెండూ ఒకేసారి ఆగాయి. బొంబాయి రోడ్డు నగరాన్ని వదిలి ఉత్తరానికి దాటేది కూడా ఈ పల్లపు నేలలోనే. పెన్న పొర్లితే నెల్లూరుకు ఉత్తరం, పడమర దిక్కులు రెండూ ఒకే దెబ్బకు మూసుకుపోతాయన్న సంగతి ఆ రెండు రోజుల్లో కళ్లకు కట్టింది.

సంగం దాటాక నేల రంగు మారుతుంది. పచ్చటి కయ్యలు తగ్గి ఎర్రనేల, రాతి గుట్టలు, కంపచెట్లు మొదలవుతాయి. ఆత్మకూరు మెట్ట సీమకు బజారు. అక్కడి నుంచి అనుమసముద్రంపేట దర్గాకు ఒక దారి, అనంతసాగరం మండలంలోని సోమశిల ప్రాజెక్టుకు ఒక దారి చీలుతాయి. 78 టీఎంసీల సోమశిల ఇంత దగ్గర్లో ఉన్నా, ఈ మెట్టలో ఎక్కువ భాగానికి నీరు ఎక్కదు. ఆ నీళ్లు నదిలో దిగి సంగం, నెల్లూరు ఆయకట్టుకు పోతాయి, కాలువలో తెలుగుగంగ పేరుతో కండలేరుకు పోతాయి. మర్రిపాడు మండలంలో పొగాకు ఎక్కువ, డీసీపల్లిలో వేలం కేంద్రం ఉంది. పొగాకు సీజనులో బేళ్లు కట్టిన ట్రాక్టర్లు ఈ రోడ్డు మీద వరసకడతాయి. అక్కడ నుంచి వెలిగొండల అడవి, కొండ దిగితే పీపీకుంట చెక్‌పోస్టు, గోపవరం, బద్వేలు. ఎర్రచందనం పెరిగే కొండలు కావడంతో ఆ చెక్‌పోస్టుకు అంత పేరు.

ఈ నిదానపు దారి మీద 2008 తర్వాత ఒక్కసారిగా బరువు పడింది. ఆ ఏడాది కృష్ణపట్నం రేవు మొదలైంది. బళ్లారి, హోస్పేట గనుల ఇనుప ఖనిజానికి చైనాలో గిరాకీ ఉన్న కాలం అది. రైలు వ్యాగన్లు చాలక ఖనిజం లారీలకెక్కింది. ఆ లారీలకు ఈ రోడ్డే దగ్గరి దారి. రెండు వరసల రాష్ట్ర రహదారి ఎడ్ల బండ్లనూ బస్సులనూ దృష్టిలో పెట్టుకుని వేసింది, అనుమతికి మించిన ఖనిజపు బరువుకు కాదు. తారు పెళ్లలు లేచింది, గుంతలు పడ్డాయి, దారి పక్క ఇళ్ల గోడలు ఎర్రదుమ్ము పట్టాయి. 2010 జులైలో కర్ణాటక ప్రభుత్వం ఖనిజం ఎగుమతిని ఆపింది, 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారిలో తవ్వకాలనే ఆపింది. లారీలు వచ్చినంత వేగంగా వెళ్లిపోయాయి. గుంతలు మాత్రం ఇక్కడి వాళ్లకు మిగిలాయి. రోడ్డును వాడుకున్నవాళ్లొకరు, దాని దెబ్బ తిన్నవాళ్లొకరు.

రేవుకూ సీమకూ మధ్య సరుకు దారి కావాలన్న మాట కాదనలేనిది. దానికి ఒక జవాబు రైలు ఇచ్చింది. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా వెలిగొండల కింద 6 కిలోమీటర్లకు పైగా సొరంగం తొలిచి వేసిన కొత్త లైను 2019 సెప్టెంబరులో మొదలైంది. అంతకుముందు గూడూరు, రేణిగుంట చుట్టి పోవాల్సిన గూడ్సు బండ్లు ఇప్పుడు కొండను నేరుగా దాటుతున్నాయి. రెండో జవాబు రోడ్డు. బద్వేలు–నెల్లూరు నాలుగు వరసల కారిడారుకు కేంద్ర మంత్రివర్గం 2025 మే 28న ఒప్పుకుంది. పొడవు 108.134 కిలోమీటర్లు, ఖర్చు 3,653.10 కోట్ల రూపాయలు. గుత్తేదారే పెట్టుబడి పెట్టి, కట్టి, టోలు వసూలు చేసుకుని, గడువు తీరాక అప్పగించే పద్ధతి. కడప జిల్లా గోపవరం దగ్గర ఇప్పటి 67వ రహదారి మీద మొదలై, నెల్లూరుకు దక్షిణాన గురువిందపూడి దగ్గర 16వ రహదారిని కృష్ణపట్నం రేవు కూడలిలో కలుస్తుంది. ఇప్పటి దారిలో రేవుకు 142 కిలోమీటర్లు పోవాల్సి ఉంటే, కొత్త దారిలో దాదాపు 34 తగ్గి గంట సేపు కలిసొస్తుందని లెక్క. కొప్పర్తి, ఓర్వకల్లు, కృష్ణపట్నం పారిశ్రామిక కేంద్రాలను ఇది కలుపుతుందని కూడా చెప్పారు.

ఆ 34 కిలోమీటర్లు ఎక్కడ తగ్గుతున్నాయో చూడాలి. పాత రోడ్డు నీళ్లను, ఊళ్లను వెతుక్కుంటూ పెన్న ఉత్తరపు గట్టు పట్టుకుని తూర్పుకు వచ్చి, నెల్లూరులో నది దాటి, మళ్లీ దక్షిణానికి తిరిగి రేవుకు పోతుంది. కొత్త రోడ్డు ఆ మూల తిరగదు. కొండ దిగినది ఏటవాలుగా దక్షిణ–తూర్పుకు పోతుంది. దాని లెక్కలో బుచ్చి లేదు, సంగం లేదు, నెల్లూరు నగరమే లేదు. ఓడ కోసం వేసే రోడ్డు అలాగే ఉండాలి, ఆ విషయంలో తప్పు పట్టేదేమీ లేదు. పైగా బుచ్చి బజారులో స్కూలు ఆటో పక్కన పదహారు చక్రాల లారీ ఉండకపోవడం కంటే ఆ ఊరికి మేలు చేసేది లేదు.

అడగాల్సింది పాత రోడ్డు గురించి. జాతీయ రహదారికి కొత్త దారి వేసినప్పుడు, వదిలేసిన పాత భాగాన్ని ఒకసారి బాగుచేసి రాష్ట్రానికి అప్పగించడం రివాజు. అంటే నెల్లూరు–బుచ్చి–సంగం–ఆత్మకూరు రోడ్డు మళ్లీ రోడ్లు, భవనాల శాఖ చేతికి రావచ్చు. కేంద్రం డబ్బు టోలు వచ్చే రోడ్డుకు పోతుంది, రాష్ట్రం డబ్బు ఎప్పుడూ అడుగంటి ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఆత్మకూరు బస్సు గుంతల్లో పోకూడదు. ఆ ఒకసారి బాగుచేయడం అనేది పైపైన తారు పూతగా ముగియకుండా, అప్పగింతకు ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. పడుగుపాడు, కోవూరు పల్లంలో వరద దాటే ఎత్తు, నీళ్లు పోయే తూములు. బుచ్చి లోపల కాలిబాట, మురుగు కాలువ. సంగం బ్యారేజీ రోడ్డు వచ్చి కలిసే చోట సరైన కూడలి, లైట్లు. మాగాణి ఊళ్లలో కళ్లాలు. వీటిలో ఏదీ ఓడరేవుకు పనికొచ్చేది కాదు కనుక కారిడారు అంచనాల్లో ఉండదు, ఎవరో ఒకరు అడిగితేనే వస్తుంది.

అడగాల్సిన అదను కూడా ఇదే. కొత్త రోడ్డు మీద మొదటి టోలు గేటు లేచే రోజుకు పాత రోడ్డు మీద కేంద్రానికి ఆసక్తి పోతుంది. అప్పుడు దామరమడుగు దగ్గర పసుపు రాయికి ఎవరో వచ్చి ఆకుపచ్చ రంగు వేసి వెళతారు. దాని పక్కనే ఆ సాయంత్రం కూడా ఒక వడ్ల కుప్ప మీద పట్ట కప్పి ఉంటుంది.